బేస్‌బాల్ వీరుడు జాష్ గిబ్సన్

జమాఖర్చుల పుస్తకము ఉంచువానికి దాని విలువ తెలియును. వ్రాసిన పద్దు నిలుచును; వ్రాయని పద్దు వాదమునకు దిగును. మనుష్యులు చేసిన పనులకును ఇదియే న్యాయము. ఒకడు తన జీవితకాలమున ఎంతటి ఘనకార్యము చేసినను, అది ఎవ్వరి పుస్తకములోనికిని ఎక్కనిచో, రెండు తరములు గడచునప్పటికి కథగా మారును. మూడవ తరమునకు ఆ కథయు సందేహాస్పదమగును. అమెరికా దేశమున బేస్‌బాల్ ఆటలో క్యాచరుగా ప్రసిద్ధికెక్కిన జాష్ గిబ్సన్ చరిత్రము ఇట్టిది. అతడు 1947 లో మరణించెను. ఆ దేశపు ఆటల లెక్కలలో అతని పేరు మొదటి పంక్తికి వచ్చినది 2024 లో. ఈ డెబ్బది యేడు సంవత్సరముల ఆలస్యమునకు కారణమేమి? పోయిన లెక్కలు తిరిగి ఎచ్చట దొరికినవి? గ్రంథాలయములయందు ఆదరము గలవారందరును తెలిసికొనదగిన విషయమిది.

ఆట స్వరూపము

బేస్‌బాల్ మనము ఎరిగిన క్రికెట్టునకు దూరపు చుట్టము. జట్టునకు తొమ్మండుగురు ఆటగాండ్రు. మైదానమున చతురస్రాకారముగా నాలుగు స్థానములుండును. వీనిని బేసులందురు. ఒక బేసునకును మరియొక బేసునకును నడుమ దూరము 90 అడుగులు. బంతి విసరువాడు పిచ్చరు. అతడు 60 అడుగుల 6 అంగుళముల దూరమునుండి, బంతిని నేలకు తాకనీయక, మిక్కిలి వేగముగా విసరును. బ్యాటు పలకవలె గాక దుడ్డుకఱ్ఱవలె గుండ్రముగా నుండును. బంతిని కొట్టినవాడు బేసులన్నియు చుట్టి బయలుదేరిన చోటికి చేరినచో ఒక పరుగు లభించును. బంతిని ఎదుటి ప్రహరి దాటించినచో దానిని హోమ్‌రన్ అందురు. అది క్రికెట్టులోని సిక్సరు వంటిది.

బ్యాటు పట్టినవాని వెనుక గొంతుకూర్చుండి బంతిని అందుకొనువాడే క్యాచరు. ముఖమునకు ఇనుప కమ్మీల తొడుగు, ఱొమ్మునకు మెత్తని కవచము, పిక్కలకు కాపు, ఎడమచేతికి మందపు తోలు తొడుగు ధరించి అతడు కూర్చుండును. వికెట్‌కీపరుతో పోల్చవచ్చును గాని ఇతని బాధ్యత అంతకంటె హెచ్చు. ఎట్టి బంతి వేయవలెనో వ్రేళ్ళ సైగలతో పిచ్చరునకు తెలుపువాడు ఇతడే. ప్రత్యర్థి ఒక బేసునుండి మరియొక బేసునకు దొంగతనముగా పరుగెత్తినచో, క్షణములో లేచి బంతిని విసరి వానిని పట్టించువాడును ఇతడే. ఒక్కొక్క ఆటలో నూరుసార్లకు తక్కువ గాకుండ కూర్చుండి లేవవలసిన ఈ పనిలో మోకాళ్ళు అరుగును, వ్రేళ్ళు విరుగును. అందువలన క్యాచర్లలో గొప్పగా బ్యాటు చేయువారు అరుదు. ఆ అరుదైనవారిలో అగ్రగణ్యుడు గిబ్సన్.

వ్రాయని నిషేధము

అమెరికాలో పందొమ్మిదవ శతాబ్దపు చివర, మేజర్ లీగులని పేరుపొందిన పెద్ద పోటీలలో నల్లజాతివారు మొదట పూర్తిగా లేకపోలేదు. 1884 లో టొలీడో నగరపు జట్టులో ఫ్లీట్‌వుడ్ వాకర్ అను నల్లజాతి యువకుడు ఆడెను. అతడును క్యాచరే. కాని కొలది కాలములోనే తెల్లజాతి యజమానులును ఆటగాండ్రును ఒక్కటై నల్లజాతివారిని వెలుపల నిలిపిరి. వింత యేమనగా, ఈ నిషేధము మేజర్ లీగుల నిబంధనావళిలో ఎచ్చటను వ్రాయబడలేదు. ఊరుమ్మడి బావివద్ద కొందరిని దూరముగా నిలిపిన ఆచారమునకు ఏ శాసనము ఆధారము? అట్టిదే ఇదియు. అడిగినచో నిషేధమే లేదందురు. ఆడవచ్చినచో తలుపు తెరువరు. ఈ స్థితి అరువది సంవత్సరములకు పైగా సాగెను.

తలుపు మూయబడినవారు తమ యిల్లు తామే కట్టుకొనిరి. 1920 లో రూబ్ ఫాస్టర్ అను నల్లజాతి ఆటగాడు, నిర్వాహకుడు పూనుకొని కాన్సాస్ సిటీలో నీగ్రో నేషనల్ లీగును స్థాపించెను. దాని వెంట మరికొన్ని లీగులు పుట్టెను. వీనికన్నిటికిని కలిపి నీగ్రో లీగులని పేరు. ఆ లీగుల వలననే గిబ్సన్ ఆటను లోకము చూడగలిగినది.

బాల్యము

జాషువా గిబ్సన్ 1911 డిసెంబరు 21 వ తేదీన, దక్షిణమున జార్జియా రాష్ట్రమునందలి బ్యూనావిస్టా అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి మార్క్, తల్లి నాన్సీ. వారిది నేలను నమ్ముకొని బ్రతుకు పేదకుటుంబము. ఆ కాలమున దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారికి చదువునందును, కూలియందును, న్యాయస్థానమునందును సమానత్వము లేకుండెను. అందుచే లక్షలకొలది జనులు ఊళ్ళు విడిచి ఉత్తరమునందలి పారిశ్రామిక నగరములకు వలసపోయిరి. మార్క్ గిబ్సన్ కూడ ముందు తానొక్కడే పోయి, పిట్స్‌బర్గ్ నగరమున ఉక్కు కర్మాగారములో పని సంపాదించి, తరువాత భార్యను, బిడ్డలను పిలిపించుకొనెను. అప్పటికి జాష్ పండ్రెండేండ్ల వాడు.

పిట్స్‌బర్గ్ రెండు నదులు కలిసి ఒహాయో నదిగా ప్రవహించు చోట వెలసిన నగరము. కొలుములు రాత్రింబవళ్ళు మండుచుండెడివి. ఆ పొగలోనే జాష్ పెరిగెను. వృత్తివిద్యాశాలలో కొంతకాలము విద్యుత్తు పని నేర్చెను. పదునారేండ్ల ప్రాయమునకు చదువు చాలించి ఫ్యాక్టరీలో కుదిరెను. ఒకప్పుడు పెద్ద దుకాణములో మనుష్యులను పై అంతస్తులకు చేర్చు లిఫ్టు నడిపెను. పని ముగిసిన వెంటనే అతని కాళ్ళు మైదానమువైపు నడచుచుండెడివి. ఆరడుగుల ఒక అంగుళము ఎత్తు, విశాలమైన భుజములు, బలమైన ముంజేతులు. అతడు బ్యాటు ఊపు విధము చూపునకు సామాన్యముగా నుండెను. పెద్దగా అడుగు వేయక, పాదములు నేలపై ఆనించి, చేతులు నడుములతోనే కొట్టెడివాడు. కాని బంతి పోయిన దూరము మాత్రము సామాన్యము కాదు. నగరములోని పేటకుఱ్ఱల జట్టయిన క్రాఫర్డ్సులో అతడు క్యాచరుగా స్థిరపడెను.

ప్రవేశము, దుఃఖము

పిట్స్‌బర్గ్ ప్రక్కనే నున్న హోమ్‌స్టెడ్ పేరుతో గ్రేస్ అను ప్రఖ్యాత జట్టు కలదు. దాని యజమాని కంబర్‌లాండ్ పోజీ. 1930 వేసవిలో ఆ జట్టు క్యాచరు చేతికి గాయము తగిలెను. ఆట చూడవచ్చిన గిబ్సన్‌ను ప్రేక్షకుల నడుమనుండి పిలిచి, దుస్తులు తొడిగించి మైదానములోనికి దింపిరని ఒక కథ చాలకాలము ప్రచారములో నుండెను. కథలోని వివరములెట్లున్నను, ఆ సంవత్సరము గిబ్సన్ గ్రేస్ జట్టులో చేరినది వాస్తవము. అప్పటికతని వయస్సు పదునెనిమిది సంవత్సరములు. ఆ సెప్టెంబరులోనే న్యూయార్కు నగరమున యాంకీ స్టేడియములో అతడు కొట్టిన ఒక హోమ్‌రన్ చూచినవారిని నివ్వెరపరచెను. అది ఎన్ని అడుగుల దూరము పోయెనో కొలిచి వ్రాసినవారు లేరు. అందుచే చూచినవారొక్కొక్కరు ఒక్కొక్క దూరము చెప్పిరి. అతని జీవితమందంతటను ఇదియే జరిగినది.

ఆ 1930 అతనికి కీర్తిని తెచ్చిన సంవత్సరమే గాక శోకమును తెచ్చిన సంవత్సరము కూడ. అతని భార్య హెలెన్ కవలలను కని, ఆ ప్రసవముననే కన్నుమూసెను. మగబిడ్డకు తండ్రి పేరును, ఆడుబిడ్డకు తల్లి పేరును పెట్టిరి. ఊరూర తిరిగి ఆడుటయే వృత్తిగా గల గిబ్సన్, పసివాండ్రను భార్య తల్లిదండ్రుల యొద్ద నుంచవలసివచ్చెను. ఇంటికి రాకపోకలు, బిడ్డల పోషణకు ధనము పంపుట సాగినను, నిలకడగల సంసారము అతనికి లభింపలేదు.

క్యాచరుగా అతడు మొదట నేర్పరి కాడు. ఆకాశమున నిట్టనిలువుగా లేచి దిగు బంతులను పట్టుటకు తడబడుచుండెను. ఆ లోపము నెరిగి, జూడీ జాన్సన్ వంటి అనుభవజ్ఞులను ప్రశ్నించుచు, ఆటకు ముందు గంటలకొలది అభ్యాసము చేయుచు, కొలది యేండ్లలో దానిని దిద్దుకొనెను. అతని కుడిచేతి విసురునకు భయపడి బేసు దొంగిలింప సాహసించువారు తగ్గిరి. పుట్టుకతో వచ్చిన బలము బ్యాటులో కనబడినది. కష్టించి సంపాదించిన విద్య క్యాచరు పనిలో కనబడినది.

బస్సులో గడచిన జీవితము

1932 లో గిబ్సన్ తిరిగి క్రాఫర్డ్సు జట్టునకు వచ్చెను. ఇప్పుడది పేటకుఱ్ఱల జట్టు కాదు. గస్ గ్రీన్‌లీ అను ధనికుడు దానిని కొని, పేరుపొందిన ఆటగాండ్రను చేర్చి, సొంత మైదానము కూడ కట్టించెను. ఆ జట్టులో సాచెల్ పేజ్ అను మహా పిచ్చరు, ఆస్కార్ చార్ల్‌స్టన్, జూడీ జాన్సన్, మెరుపువలె పరుగెత్తు కూల్ పాపా బెల్ ఉండిరి. వీరు నలుగురును, గిబ్సనును, ఐదుగురును తరువాతి కాలమున బేస్‌బాల్ గౌరవమందిరమునకు ఎక్కినవారే. పేజ్ విసరగా గిబ్సన్ అందుకొను దృశ్యమును చూచుటకు జనులు గుంపులుగా వచ్చుచుండిరి.

కాని వారి బ్రతుకు సుఖమైనది కాదు. లీగు ఆటలు సంవత్సరమునకు కొన్ని పదులు మాత్రమే. ఆ రాబడి జట్టు పోషణకు చాలదు. అందుచే మిగిలిన దినములలో పల్లెలలోను, గనుల యూళ్ళలోను, మిల్లుల యూళ్ళలోను దొరికిన జట్టుతో ఆడి డబ్బు కూర్చుకొనవలెను. ఒక్కదినముననే రెండు ఆటలు, ఒక్కొక్కప్పుడు మూడు. ఆట ముగియగానే బస్సెక్కి రాత్రియంతయు ప్రయాణము. దారిలో చాల హోటళ్ళు వారికి గది ఈయవు. భోజనశాలలు లోనికి రానీయవు. బస్సులోనే నిద్ర, బస్సులోనే తిండి. చలికాలము వచ్చినచో పోర్టోరికో మొదలైన వేడిదేశములలో మరల ఆట. పండ్రెండు మాసములు మోకాళ్ళపై కూర్చుండి లేచు పనిలో గిబ్సన్ దేహము ఎంత నలిగెనో ఊహింపవచ్చును.

లెక్కలు చెదరిపోవుటకు కారణమును ఇదియే. లీగు ఆటలను లెక్కవ్రాయువారు కొన్నిచోట్ల నుండిరి, కొన్నిచోట్ల లేరు. పల్లె ఆటలను వ్రాయువారు బొత్తిగా అరుదు. తెల్లవారి పత్రికలు ఈ ఆటలను పెక్కుమార్లు పట్టించుకొనలేదు. గిబ్సన్ అన్ని ఆటలలో కలిపి ఇంచుమించు ఎనిమిదివందల హోమ్‌రన్లు కొట్టెనని ప్రతీతి. నేటికి పత్రములతో నిరూపింపబడిన లీగు హోమ్‌రన్లు రెండువందలకు లోపే. ఈ రెండు సంఖ్యల నడుమనున్న అగాధములో ఒక మనుష్యుని కష్టమంతయు మునిగియున్నది.

విదేశములలో

1937 లో గిబ్సన్ మరల గ్రేస్ జట్టునకు మారెను. ఆ సంవత్సరమే కరిబియన్ సముద్రమునందలి డొమినికన్ రిపబ్లిక్కునుండి పిలుపు వచ్చెను. ఆ దేశపు నియంత ట్రుహీయో పేరు పెట్టుకొన్న రాజధానీ నగరపు జట్టునకు, పేజ్, బెల్, గిబ్సన్ మొదలైనవారు పెద్ద జీతములపై పోయి ఆడి విజయము చేకూర్చిరి. 1940, 1941 సంవత్సరములలో అతడు మెక్సికోలో ఆడెను. 1941 లో వెరాక్రూజ్ జట్టు తరఫున 33 హోమ్‌రన్లు కొట్టెను. అచ్చట జీతము హెచ్చు. అంతకంటె ముఖ్యముగా, నల్లజాతి ఆటగాడు నచ్చిన హోటలులో దిగవచ్చును, నచ్చిన చోట భుజింపవచ్చును, తెల్లజాతివారి ప్రక్కన నిలిచి ఆడవచ్చును. తన దేశమున దొరకని మర్యాద పరదేశమున దొరకుట ఎంతటి విచిత్రము!

1942 లో అతడు గ్రేస్ జట్టునకు తిరిగివచ్చెను. ఆ జట్టులో అతని తరువాత బ్యాటు పట్టు బక్ లెనార్డ్ కూడ అసాధారణుడు. జనులు గిబ్సన్‌ను నల్ల బేబ్ రూత్ అనిరి. బేబ్ రూత్ అనగా తెల్లజాతివారిలో హోమ్‌రన్లకు ప్రఖ్యాతి వహించినవాడు. గిబ్సన్ ఆటను దగ్గరగా చూచినవారు మాత్రము, రూత్‌నే తెల్ల గిబ్సన్ అనవలెనని వాదించెడివారు. వాల్టర్ జాన్సన్ అను తెల్లజాతి మహా పిచ్చరు, ఈ క్యాచరు ఏ జట్టునకైనను రెండు లక్షల డాలర్ల విలువ చేయునని బాహాటముగా చెప్పెను. మెచ్చుకొనుటకు అడ్డు లేదు. పనిలోనికి తీసికొనుటకే అడ్డు.

ఆ 1942 సెప్టెంబరులో నీగ్రో లీగుల తుది పోటీలో పాత మిత్రులు ఎదురెదురైరి. కాన్సాస్ సిటీ మోనార్క్స్ జట్టున పేజ్; గ్రేస్ జట్టున గిబ్సన్. మూడు బేసులపైనను గ్రేస్ ఆటగాండ్రు నిలిచియుండగా గిబ్సన్ బ్యాటు పట్టెను. పేజ్ మూడు బంతులతో అతనిని వెనుకకు పంపెను. ఆ పోటీలో మోనార్క్సే గెలిచిరి. గిబ్సన్ అపజయమెరుగని దేవుడు కాడు. అలసిన దేహము గల మనుష్యుడు.

వ్యాధిలో విజయము

1943 జనవరిలో గిబ్సన్ ఒక్కసారిగా స్పృహ తప్పి పడిపోయెను. మెదడులో కంతి యున్నదని వైద్యులు చెప్పిరనియు, శస్త్రచికిత్స చేసినచో తెలివి పోవునేమోయను భయముచే అతడు అంగీకరింపలేదనియు దగ్గరివారు తెలిపిరి. నాటినుండి తీవ్రమైన తలనొప్పి అతనిని విడువలేదు. మద్యపానము హెచ్చెను. కొంతకాలము వాషింగ్టనునందలి మానసిక చికిత్సాలయమున నుండవలసివచ్చెను. చికిత్సాలయమునుండి ఆటకు వచ్చి, ఆట ముగిసిన పిదప మరల చికిత్సాలయమునకు పోయిన దినములును కలవు.

ఆశ్చర్యమేమనగా, లెక్కలు దొరికినంతవరకు, అతడు అత్యుత్తమముగా బ్యాటు చేసిన సంవత్సరము ఆ 1943 యే. ఆ యేడును, మరుసటి యేడును గ్రేస్ జట్టు బర్మింగ్‌హామ్ జట్టును ఓడించి నీగ్రో లీగుల సార్వభౌమ స్థానము గెలుచుకొనెను.

గ్రేస్ జట్టు పెక్కు ఆటలను వాషింగ్టనులో, క్లార్క్ గ్రిఫిత్ అను తెల్లజాతి యజమాని స్టేడియములో ఆడుచుండెను. అతని సొంత జట్టు మేజర్ లీగులో బలహీనమైనది. గిబ్సన్, లెనార్డ్ ఆడునప్పుడు అద్దెరూపమున అతనికి మంచి రాబడి వచ్చుచుండెను. ఒకనాడు ఆ యిద్దరిని తన గదికి పిలిపించి, పెద్ద లీగులో ఆడుట ఇష్టమేనాయని అడిగెనని లెనార్డ్ తరువాతి కాలమున చెప్పెను. ఇష్టమేయని వారు బదులు చెప్పిరి. ఆ పిదప అతనినుండి ఏ కబురును రాలేదు. మైదానము అద్దెకిచ్చినవాడు జట్టులో చోటీయలేకపోయెను.

తలుపు తెరచిన వేళ

నల్లజాతి పత్రికలు ఈ అన్యాయముపై ఎడతెగక పోరాడెను. పిట్స్‌బర్గ్ కొరియర్ పత్రికలో వెండెల్ స్మిత్ వంటి రచయితలు వారమువారము ఈ ప్రశ్ననే లేవనెత్తిరి. తుదకు 1945 అక్టోబరులో బ్రూక్లిన్ డాడ్జర్స్ సంస్థకు చెందిన బ్రాంచ్ రికీ, జాకీ రాబిన్సన్ అను నల్లజాతి యువకునితో ఒప్పందము చేసికొన్న వార్త వెలువడెను. రికీకి కావలసినవాడు వయస్సులో చిన్నవాడు, దేహారోగ్యము గలవాడు, అవమానములను మౌనముగా సహింపగలవాడు. గిబ్సన్ వయస్సు ముప్పదినాలుగు సమీపించుచుండెను, మోకాళ్ళు అరిగిపోయెను, వ్యాధి ముదిరెను. 1946 లో రికీ రాయ్ కాంపనెల్లా అను నల్లజాతి క్యాచరును కూడ తీసికొనెను. తరువాత మూడుసార్లు లీగులో అత్యుత్తముడను బిరుదు పొందిన ఈ కాంపనెల్లా, తనకంటె గిబ్సన్ గొప్పవాడని ఒప్పుకొనెను.

1947 జనవరి 20 వ తేదీన జాష్ గిబ్సన్ పిట్స్‌బర్గ్‌లో మరణించెను. వయస్సు ముప్పది యైదు సంవత్సరములు. ఆ తరువాత మూడు మాసములైనను పూర్తికాకమునుపే, ఏప్రిలు 15 వ తేదీన, రాబిన్సన్ మేజర్ లీగు మైదానములో కాలు మోపెను. తలుపు తెరచుకొనునప్పటికి, ఆ తలుపును జీవితకాలము తట్టినవాడు లేడు. చోటు దొరకలేదను మనోవ్యథయే అతనిని చంపెనని కొందరు చెప్పుదురు. రోగము అంతకు నాలుగేండ్ల ముందే దేహమునందున్నది. వ్యథ దానికి తోడైయుండవచ్చును. అతని కంటె అయిదేండ్లు పెద్దవాడైన సాచెల్ పేజ్ 1948 లో క్లీవ్‌లాండ్ జట్టులో చేరి మేజర్ లీగులో ఆడగలిగెను. గిబ్సన్‌కు ఆ భాగ్యము లేకపోయెను.

పిట్స్‌బర్గ్‌లోని అలెఘెనీ శ్మశానవాటికలో అతనిని పాతిపెట్టిరి. సమాధిపై పేరు చెక్కిన రాయియైనను లేదు. 1970 తరువాతనే పాత సహచరుడు టెడ్ పేజ్ మొదలైనవారి పూనికతో దానిపై ఒక రాయి వెలసెను.

కథనుండి లెక్కకు

లెక్కలు లేనిచోట కథలు పెరుగును. పిట్స్‌బర్గ్‌లో ఒకనాడు గిబ్సన్ కొట్టిన బంతి ఆకాశమున కలిసి కనబడకపోయెనట. మరునాడు వేరొక నగరమున ఆట జరుగుచుండగా ఆకసమునుండి ఒక బంతి దిగెనట. ఎదుటి ఆటగాడు దానిని పట్టుకొనగా, గిబ్సన్ నిన్నటి ఊరిలో ఔటయ్యెనని అంపైరు తీర్పు చెప్పెనట! నవ్వించు కథయే గాని, దీనివలన ఒక కీడు కూడ కలిగెను. కథలు విని నవ్వినవారు, అతడు నిజముగా చేసిన పనులను కూడ కథలలో కలిపి త్రోసివేసిరి.

1966 లో టెడ్ విలియమ్స్ అను తెల్లజాతి ఆటగాడు కూపర్స్‌టౌన్ గ్రామమునందలి బేస్‌బాల్ గౌరవమందిరమున సన్మానము పొందుచు, అవకాశమే దొరకని పేజ్, గిబ్సన్ వంటివారికి ఇచ్చట చోటుండవలెనని నిండుసభలో చెప్పెను. 1970 లో రాబర్ట్ పీటర్సన్ నీగ్రో లీగుల చరిత్రమును పుస్తకముగా వ్రాసెను. 1971 లో పేజ్‌కును, 1972 లో గిబ్సన్, లెనార్డులకును ఆ మందిరమున స్థానము లభించెను.

అయినను లెక్క మిగిలియున్నది. దానిని పూరించినవారు రాజులు గారు, ధనికులు గారు. గ్రంథాలయములలో కూర్చుండి పాత పత్రికలు తిరుగవేసినవారు. పిట్స్‌బర్గ్ కొరియర్, చికాగో డిఫెండర్, బాల్టిమోర్ ఆఫ్రో-అమెరికన్ వంటి నల్లజాతి పత్రికలు ఆటల ఫలితములను చిన్న అక్షరములలో అచ్చొత్తియుండెను. ఆ పత్రికల ప్రతులను, వాని ఛాయాచిత్రపు చుట్టలను గ్రంథాలయములు భద్రపరచియుండెను. లారీ లెస్టర్ మొదలైన పరిశోధకులు దశాబ్దములపాటు వానిని పుటపుటయు చదివి, ఎవరు ఎన్నిసార్లు బ్యాటు పట్టిరి, ఎన్నిసార్లు కొట్టిరి అని ఒక్కొక్క ఆటను కూర్చుకొనుచు పోయిరి.

2020 డిసెంబరులో మేజర్ లీగు సంస్థ, 1920 మొదలు 1948 వరకు జరిగిన ఏడు నీగ్రో లీగులను మేజర్ లీగులుగానే అంగీకరించెను. 2024 మే మాసమున 2300 మందికి పైగా ఆటగాండ్ర లెక్కలను తన పుస్తకములలో చేర్చుకొనెను. అంతవరకు జీవితకాలపు సగటులో మొదటి స్థానము టై కాబ్ అను తెల్లజాతి ఆటగానిది. అతని సగటు వేయింటికి 367. గిబ్సన్ సగటు 372 గా తేలెను. విచిత్రముగా వీరిద్దరును జార్జియాలో పుట్టినవారే. ఒక సంవత్సరపు సగటులో 1894 నాటి హ్యూ డఫీ 440 కి మించి, వ్యాధిపీడితుడై ఆడిన 1943 లో గిబ్సన్ సాధించిన 466 నిలిచెను. దెబ్బల బలమును కొలుచు మరియొక లెక్కలో బేబ్ రూత్ 690 కి ఎదురుగా గిబ్సన్ 718 తో ముందుకు వచ్చెను.

ఈ పోలికకు ఆక్షేపణ చెప్పినవారు లేకపోలేదు. కాబ్ పదునొకండు వేలకు మించిన పర్యాయములు బ్యాటు పట్టెను. గిబ్సన్ లెక్కకు దొరికినవి రెండువేల పైచిలుకు మాత్రమే. ఆక్షేపణ న్యాయమైనదే. కాని ఆ తక్కువ సంఖ్యకు కారకుడు గిబ్సన్ కాడు. ఎక్కువ ఆటలు ఆడనీయనివారును, ఆడినవానిని వ్రాయనివారును దానికి బాధ్యులు. ఆ సంవత్సరముల లెక్కలలో దొరికినవి ముప్పాతిక భాగమే యని మేజర్ లీగు సంస్థయే ప్రకటించెను. మిగిలిన పాతిక భాగము ఏ అటకపైన ఏ పత్రికల కట్టలో నున్నదో! దొరికినకొలది ఈ సంఖ్యలు మారవచ్చును.

గిబ్సన్ తన బ్యాటుతో చేసినది తాను చేసెను. దానిని లోకమునకు నిలిపినవి చిల్లర వెలకు అమ్ముడుపోయిన వారపత్రికలు. అచ్చొత్తిన నాడు వాని విలువ ఎవ్వరికిని తెలియదు. పాతబడినవని వానిని చిత్తుకాగితముల క్రింద అమ్మక, చెదలు పట్టకుండ కట్టలు కట్టి బీరువాలో నుంచిన గ్రంథపాలకుల పేర్లు చాలవరకు ఎచ్చటను లేవు. జాష్ గిబ్సన్‌కు తిరిగివచ్చిన కీర్తిలో వారికిని భాగము కలదు.